పరగడుపున

సోమవారం పొద్దున ఇనోబత్ ఉల్లిపాయల బస్తా మూతి విప్పుతుంటే అందరూ అన్నవరసలో అకా అని పిలిచే క్యాంటీన్ మేనేజరు సాబిర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. గడ్డం గోక్కున్నాడు. పొయ్యి వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, ఆమె వంక మాత్రం చూడలేదు.

"ఇవాళ్టినుంచి కజాన్ దగ్గర దిల్‌నవోజ్ ఉంటుంది. నువ్వు గిన్నెలు చూసుకో ఇనోబత్."

"ఇవాళొక్కరోజేనా?"

"ఇవాళ్టినుంచి అన్నాగా."

ఇనోబత్ చేతిలో పురికొస అలాగే ఉండిపోయింది. మర్గిలాన్‌లోని ఆ పట్టు మిల్లులో పన్నెండేళ్లుగా మధ్యాహ్నం వంట ఆమెదే. ఇద్దరు పట్టి దించాల్సిన ఆ పెద్ద ఇనుప కజాన్‌ని ఇంకొకరు గరిటెతో కలపడం ఆమె ఇంతవరకు చూడలేదు.

"నేనేం తప్పు చేశాను అకా?"

"తప్పని నేనన్నానా? హోసియత్ ఓపా మిల్లు కమిటీకి కాగితం రాసిచ్చింది. నీ నూనె కడుపులో నిప్పు పెడుతోందట. తిన్నదంతా పుల్లగా గొంతులోకి ఎగదన్నుతోందట. మూడు నెలలనుంచి ఇదే గోలట."

"రెండువందలమంది తింటున్నారు. నా నూనె ఆవిడొక్కదానికే నిప్పు పెడుతోందా?"

"ఆవిడొక్కతే అంటే సరిపోతుందా? రీలింగు హాలంతా ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరగమంటావా నన్ను?"

అతని వెనకనుంచి దిల్‌నవోజ్ లోపలికి వచ్చింది. సాబిర్ అకా మేనకోడలు. ముప్ఫై ఏళ్ల మనిషి. ఇన్నాళ్లూ రొట్టెలు లెక్కపెట్టి బల్లలమీద సర్దేది. కొత్త ఏప్రాను కట్టుకుంది, దాని మడతలు ఇంకా విడలేదు.

"నేనడగలేదు ఓపా," అంది అక్కని బతిమాలినట్టు నెమ్మదిగా. "మావయ్యే రమ్మన్నాడు. నామీద కోపం పెట్టుకోకండి."

"నీమీద కోపమెందుకే? నూనె బాగా కాగేదాకా ఆగు. పొగ కనబడగానే తొందరపడకు. చేదు దిగడానికి ఒక ఉల్లిపాయ పొట్టుతో వేసి, అది బొగ్గయ్యాక తీసి పారెయ్యి. తర్వాతే మాంసం."

చెప్పేసి ఇనోబత్ కడిగే గదిలోకి వెళ్లింది. అక్కడ రెండు పెద్ద తొట్లు, ఒక సోడా డబ్బా, గోడలో ఒక కిటికీ ఉన్నాయి. తిన్నవాళ్లు గిన్నెల్ని ఆ కిటికీలోంచి లోపలికి నెడతారు. ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా, హాళ్లలో పని అజమాయిషీ చేసే మాస్టర్లు కూర్చునే బల్ల ఉంటుంది.

పన్నెండింటికి హోసియత్ ఓపా వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంది. యాభై రెండేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. మెళ్లో తాడుకి చిన్న కత్తెర వేలాడుతుంటుంది. రీలింగు హాల్లో పట్టుగూళ్లనుంచి దారం తీసే మరిగే నీళ్ల తొట్ల మధ్య వరసల్లో నడుస్తూ, ఎక్కడ దారం తెగినా వెనక్కి తిరక్కుండానే ఎవరి తొట్టో చెప్పేస్తుందని పేరు. ఆరోజు బియ్యం చారు, మాస్తావా. దిల్‌నవోజ్ చేతి మాస్తావా. హోసియత్ ఓపా సగం తిని గిన్నె పక్కకి జరిపింది. పిడికిలి బిగించి రొమ్ము నడుమ నొక్కుకుంది. కళ్లు మూసుకుంది.

ఇనోబత్ చూసింది. కడిగే చేతికి కాస్త హుషారొచ్చింది.

మంగళవారం హోసియత్ ఓపా ఇంటినుంచి డబ్బాలో ఉడకేసిన బంగాళాదుంపలు తెచ్చుకుంది. నూనె చుక్క లేదు, మిరియం గింజ లేదు. అవి తిని కూడా పిడికిలితో రొమ్ము నొక్కుకుంది. తర్వాత చేతిరుమాలు తీసి ఒళ్లో విప్పింది. రంగు గొట్టం మాత్ర ఒకటి తీసి, బల్లకింద చేతులు పెట్టుకుని రెండుగా విరిచింది. లోపలి సన్నని తెల్ల గింజల్ని అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకుని నమిలింది. దవడ కదలడం ఇనోబత్‌కి స్పష్టంగా కనబడింది. పొగలు కక్కుతున్న టీ పియాలా ఎత్తి రెండు గుక్కలు తాగింది. రుమాలు రెండో కొసన ఇంకో తెల్ల మాత్ర ఉంది. అదీ వేసుకుని భుజం పట్టుకుని గుండ్రంగా తిప్పుకుంది.

ఇనోబత్ చేతిలోంచి గిన్నె జారి తొట్లో పడింది. ఆ రంగు గొట్టం ఆమెకి తెలుసు.

సాయంత్రం భర్త కోమిల్ కాళ్లు చాపుకుని టీ తాగుతుంటే అడిగింది.

"నువ్వు నిరుడు మింగినవి, ఆ గొట్టాలు, వాటిని నమలకూడదన్నాడు కదూ డాక్టరు?"

"నన్నడుగుతావేం? ఆ చీటీ అలమారాకి అంటించి రెండు నెలలు నన్ను కాల్చుకుతిన్నది నువ్వేగా! పొద్దున్నే లేవగానే మింగు, నీళ్లతో మింగు, అరగంట దాకా రొట్టె ముట్టుకోకు. జైల్లో అయినా లేవగానే ఏదో ఒకటి పెడతారు."

"తగ్గిందా లేదా?"

"తగ్గింది. ఎవరు నములుతున్నారు ఇప్పుడు?"

చెప్పింది. కోమిల్ పియాలా కింద పెట్టి పెద్దగా నవ్వాడు.

"నమలనీ! నీ కజాన్ లాక్కున్న మనిషి. నువ్వెళ్లి ఇంకో గుప్పెడు ఇచ్చిరా."

ఇనోబత్ నవ్వలేదు. నవ్వాలనిపించింది గానీ, ఆ దవడ కదలడం మళ్లీ మళ్లీ కళ్లముందు కొచ్చింది.

బుధవారం సోడాకి వేళ్లు పగిలి రక్తం కారితే, కట్టు కట్టించుకోవడానికి మేడమీది వైద్యం గదికి వెళ్లింది. నర్సు గలియా ఓపా తాతారు మనిషి, అరవై దాటినావిడ. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతుకుతోంది.

"నెత్తిమీదుంది ఓపా."

"నాకు తెలుసు. నువ్వు చూస్తున్నావో లేదో అని." చెయ్యి పట్టుకుని చూసింది. "వంట చేసేదానివి, ఈ చేతులేమిటి?"

"గిన్నెల దగ్గరున్నాను." ఇనోబత్ అడిగింది. "ఓపా, కడుపులో పులుపు తగ్గడానికి గొట్టాలుంటాయి చూడండి. ఒమెప్రజోల్. దాన్ని విప్పి లోపలి గింజలు నమిలి, పైన వేడి టీ తాగితే ఏమవుతుంది?"

గలియా ఓపా అయొడిన్ రాస్తున్న దూది ఆపింది. "డబ్బు చెత్తలో వేసినట్టవుతుంది. ఆ మందుకి కడుపులో పులుపు తగిలితే అది అక్కడే చస్తుంది. అందుకే ఒక్కో గింజకీ పైన పూత ఉంటుంది, పేగుల్లోకి వెళ్లేదాకా కాపాడటానికి. నమిలితే పూత పోయింది. ఇక లోపలికి వెళ్లేదేమిటి? సుద్ద."

"తిన్నాక వేసుకుంటే?"

"తిండి పడగానే పులుపు ఊరుతుంది. మందు అంతకుముందే లోపల చేరి సిద్ధంగా ఉండాలి. పరగడుపున, అరగంట ముందు. గొట్టం మింగలేనివాళ్లుంటే డాక్టరుకి చెప్పాలి, వేరే దారి చూపిస్తారు. ఎవరే అది?"

"దూరపు బంధువు."

"మిల్లుకి ఎంత దూరం?"

నర్సు కట్టు బిగించి కళ్లజోడు కిందికి దించుకుంది.

"ఆ దూరపు బంధువు కీళ్ల నొప్పులకి మాత్రలేమన్నా వేసుకుంటోందా?"

"ఒక తెల్లది. రోజూ అనుకుంటా."

"అదే కడుపు గోడని కొరుకుతుంది. ఒక చేత్తో గోడ తవ్వుకుంటూ, ఇంకో చేత్తో దానిమీద సుద్ద పూస్తోందన్నమాట. డాక్టరు ఎన్నాళ్లకి రాశాడట?"

"తెలీదు. మూడు నెలలుగా మంటంటోందట."

"మూడు నెలలుగా ఎవరికీ చూపించుకోకుండానా? మంట కాస్త తగ్గినంతమాత్రాన లోపల బాగున్నట్టు కాదే. విను. మలం తారులా నల్లగా వచ్చినా, కాఫీపొడి కలిసినట్టు వాంతైనా, నా గదికి కూడా రావద్దని చెప్పు. నేరుగా ఆస్పత్రికి పోవాలి. అదే రోజు. తెల్లారేదాకా ఆగకూడదు."

గురువారం పలావు రోజు. హాల్లో పొద్దుటి షిఫ్టు టీకి ఆగినప్పుడు, పట్టుగూళ్ల గోదాము వెనక కుళాయి దగ్గర హోసియత్ ఓపా ఒంటరిగా మొహం కడుక్కుంటోంది. లోపలి ఉడికిన పురుగుల వాసన అక్కడిదాకా వస్తోంది. ఇనోబత్ వెళ్లి పక్కన నిలబడింది.

"ఓపా, ఆ గొట్టాలు నమలకూడదు. పొద్దున్నే పరగడుపున నీళ్లతో మింగాలి. ఆ తెల్ల మాత్ర..."

హోసియత్ ఓపా కుళాయి కట్టేసింది. "గిన్నెలు కడగమంటే వైద్యం మొదలెట్టావా?"

"మా ఆయన కూడా మింగాడు, అందుకని..."

"మీ ఆయన మింగితే నీకు డాక్టరు పట్టా వచ్చిందా? కుళ్లిపోయిన కూర వండి..."

"ఆ తెల్ల మాత్ర కడుపు గోడని తినేస్తుందని గలియా ఓపా చెప్పింది."

హోసియత్ ఓపా మొహం మీది నీళ్లు తుడుచుకోలేదు. చుట్టూ చూసి, ఇనోబత్ మోచెయ్యి పట్టుకుని గోదాము గోడవారకి లాగింది. ఆ చేతివేళ్లు నానినానీ తెల్లగా ఉబ్బి ఉన్నాయి, అయినా పట్టు గట్టిగా ఉంది.

"గలియా దగ్గరికెళ్లావా? నా పేరు చెప్పావా?"

"చెప్పలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

చెయ్యి వదిలింది. "ఎనిమిది నెలలు," అంది. గొంతు తగ్గింది. "వేడి హాల్లో ఇంకా ఎనిమిది నెలలు చేస్తే నాకు ముందుగా పింఛను వస్తుంది. ఈలోపల గలియా తన పుస్తకంలో పుండు అని ఒక్కమాట రాసిందనుకో, ఆ ఆవిరిలో నన్ను నిలబడనిస్తారా? చల్ల షెడ్డులో గూళ్లు ఏరుకోమంటారు. మళ్లీ మొదటికొస్తుంది అంతా. ఆ గొట్టాలు రాసిన డాక్టరు రెండు నెలలకి రమ్మన్నాడు. గొంతులోంచి పొడుగు పైపు దింపి కడుపు లోపల చూస్తానన్నాడు. మళ్లీ వెళ్లలేదు. మందు మాత్రం కొట్లో కొనుక్కుంటున్నాను."

"అందుకని నా నూనె మీద రాశారా?"

హోసియత్ ఓపా మెళ్లోని కత్తెర తెరిచింది, మూసింది.

"హాల్లో అందరూ అడుగుతున్నారు, రొమ్ము పట్టుకుంటావెందుకని. ఏదో ఒకటి చెప్పాలిగా," అంది చివరికి. "అయినా నీకేం పోయింది? జీతం తగ్గలేదుగా."

"జీతం గురించి ఎవరు మాట్లాడారు?" అంది ఇనోబత్. "హాల్లో దారం తెగితే అందరూ ఆ అమ్మాయి వంక ఎలా చూస్తారో మీకు తెలుసు. నాలుగు రోజులుగా నన్నలా చూస్తున్నారు. నిన్న ఒకామె గిన్నె లోపలికి నెడుతూ, ఇప్పుడు కడుపు చల్లగా ఉంది అంది. నా మొహం మీదే అంది."

టీ గంట కొట్టింది. హోసియత్ ఓపా మొహం తుడుచుకుని, వీపు నిటారుగా చేసుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం పలావు ముద్దయింది. క్యారెట్ ముక్కలు అడుగున మాడాయి. బల్లల దగ్గర గొణుగుడు కడిగే గదిలోకి వినబడింది. రెండింటికి సాబిర్ అకా వచ్చి తొట్టి అంచుమీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఈసారి ఆమె వంకే చూశాడు.

"ఇనోబత్, నువ్వు రోజంతా ఆ కిటికీ దగ్గరుంటావు. హోసియత్ ఓపా ఇంటినుంచి తెచ్చుకున్నది తిని కూడా రొమ్ము పట్టుకుంటోందంటున్నారు. మందులేమైనా మింగుతోందా? నీకేదైనా కనబడితే చెప్పు. కమిటీకి ఆ మాట చెప్పేసి రేపే నిన్ను కజాన్ దగ్గర నిలబెడతాను. నేనూ ఈ ముద్ద తినలేను."

ఇనోబత్ పళ్లెం తిప్పి రెండోవైపు తోమింది. ఒక్కమాట చాలు. ఆ మాట అబద్ధం కూడా కాదు.

"నాకు గిన్నెలే కనిపిస్తాయి అకా," అంది.

ఇంటికెళ్లేదాకా తనమీద తనకే కోపంగా ఉంది. అలా ఎందుకన్నదో ఆమెకే తెలీదు. ఎనిమిది నెలలన్నప్పుడు ఆ గొంతు అలా తగ్గకపోయి ఉంటే చెప్పేసేదేమో.

శుక్రవారం హాలు అమ్మాయిలు బకెట్ నిండా నల్ల తూత్ పళ్లు, మల్బరీలు, తెచ్చారు. పట్టుపురుగులు ఆకులు మేసిన తర్వాత మిగిలే పళ్ల రుతువు అది. ఆవరణలో బల్లమీద పోసుకుని తింటున్నారు. అందరి పెదాలు, వేళ్లు ఊదారంగుకి తిరిగాయి. ఒకామె ఇనోబత్ ఏప్రాన్‌కి వేలిముద్ర వేసి నవ్వుతూ పరిగెత్తింది.

మురికినీళ్లు పారబోయడానికి ఇనోబత్ వెనక మెట్లవైపు వెళ్లింది. హోసియత్ ఓపా అక్కడ మెట్టుమీద కూర్చుని ఉంది. ఆమె నేలమీదగానీ, మెట్టుమీదగానీ కూర్చోవడం ఆ మిల్లులో ఎవరూ చూసి ఉండరు. మొహం బూడిదరంగుగా ఉంది. నుదుట చెమట పోసింది. చెయ్యి చెంపకి ఆనించుకుంది.

"కళ్లు తిరిగాయి," అంది. "ఆ ఆవిరికి. ఏం లేదు."

ఇనోబత్ బకెట్టు దించి లోపలికెళ్లి నీళ్లు తెచ్చింది. హోసియత్ ఓపా రెండు గుటకలు మింగి గ్లాసు వెనక్కిచ్చింది. గోడతో మాట్లాడినట్టు అంది.

"నిన్నట్నుంచి నల్లగా అవుతోంది. తారులాగా. ఈ తూత్ పళ్ల వల్లేలే."

"ఎన్ని తిన్నారు?"

హోసియత్ ఓపా నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ఆమె పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎక్కడా ఊదారంగు లేదు.

"తినలేదు," అంది. "నాకు పులుపు పడదుగా."

ఇనోబత్ చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని ఫోను తీసింది.

"కోమిల్, ఎక్కడున్నావు? బజారు దగ్గరా? మిల్లు వెనక, కూరగాయలు దించే గేటు దగ్గరికి రా. వెనక సీటుమీది పెట్టెలు ఎక్కడైనా దించేసి రా. అడక్కు, రా."

"నేనెక్కడికీ రాను," అంది హోసియత్ ఓపా. "గేటు దగ్గర రాసుకుంటారు. గలియాకి తెలుస్తుంది."

"రాసుకోనివ్వండి."

"ఎనిమిది నెలలు..."

"మీరు పోతే ఆ ఎనిమిది నెలలు ఎవరు చేస్తారు? నేనా? నాకు దారం కొస పట్టుకోవడం కూడా రాదు. లేవండి. నా మెడమీద చెయ్యెయ్యండి. అలా కాదు, బరువంతా వెయ్యండి."

కోమిల్ పదినిమిషాల్లో సరుకులు మోసే తన డామస్ వ్యాను తెచ్చాడు. మామూలుగా ఒక్క మలుపు తిరిగేలోపు పది మాటలాడే మనిషి, ఆస్పత్రిదాకా ఒక్కమాట మాట్లాడలేదు. గుంతలు తప్పించుకుంటూ నడిపాడు. మధ్యలో హోసియత్ ఓపా కిటికీ బయటికి తలపెట్టి వాంతి చేసుకుంది. తలుపుమీద పడిన మరకని ఇనోబత్ చూసింది. కాఫీపొడి కలిసిన నీళ్లలా ఉంది. ఆమె హోసియత్ ఓపా తలని తన ఒళ్లోకి తీసుకుంది.

ఆస్పత్రిలో ముందు రక్తం తీశారు, తర్వాత రక్తం ఎక్కించారు. ఆ తర్వాత వేలంత లావు నల్లగొట్టం తెచ్చారు. దాని చివర చిన్న దీపం వెలుగుతోంది. డెబ్భైమంది ఆడవాళ్లని ఒక్క చూపుతో నిలబెట్టే మనిషి మంచంమీద పక్కకి తిరిగి పడుకుని, ఇనోబత్ మణికట్టు పట్టుకుంది.

"వెళ్లకు," అంది.

"ఎక్కడికెళ్తాను? గిన్నెలెక్కడికీ పోవు."

గొట్టం లోపలికి దిగినంతసేపూ ఆ పట్టు సడలలేదు. ఇనోబత్ పగిలిన వేళ్లకి కట్టిన కట్టు మళ్లీ ఎర్రబడింది.

డాక్టరు చిన్నవయసు ఆడమనిషి. కారుతున్న చోటు దొరికిందనీ, గొట్టంలోంచే దాన్ని మూసేశామనీ చెప్పింది. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేదు గానీ, చెప్పకుండా ఆగిన తీరులోనే తెలిసింది. ఏయే మందులు వాడారో ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. హోసియత్ ఓపా రుమాలు విప్పి చూపించింది. నమిలానని చెప్పింది. ఒకసారి గొట్టం మాత్ర గొంతుకి అడ్డంపడి ఊపిరాడలేదట, అప్పట్నుంచి భయమట.

"వంట సంగతేమిటి డాక్టర్?" అని ఇనోబత్ అడిగింది. అడక్కుండా ఉండలేకపోయింది. "నూనె వల్ల వస్తుందా ఇది?"

"నూనె ఎక్కువైతే కొంచెం మంట రావచ్చు. పుండు పడి రక్తం కారడం నూనె పని కాదు. ఈ నొప్పి మాత్రల పని. లోపల ఒక క్రిమి కూడా ఉందేమో పరీక్షకి పంపాను. ఉంటే దానికి వేరే మందులు రాస్తాను." డాక్టరు తెల్ల మాత్రల అట్టని తన జేబులో వేసుకుంది. "ఇవి మళ్లీ ముట్టుకోవద్దు. భుజం నొప్పికి వేరే ఏదైనా చూద్దాం. గొట్టం మాత్రలు నేను చెప్పినన్ని రోజులే, చెప్పిన తీరులోనే. మీ అంతట మీరు ఆపొద్దు, మీ అంతట మీరు పొడిగించొద్దు. నేను రమ్మన్న రోజు రావాలి."

హోసియత్ ఓపా గోడవైపు తిరిగింది. కళ్లు మూసుకుంది గానీ నిద్రపోలేదు.

ఇనోబత్ మిల్లుకి తిరిగొచ్చేసరికి తొట్లు రెండూ నిండి, గిన్నెలు నేలమీద కూడా పేరుకుని ఉన్నాయి. ఎక్కడికిపోయావని సాబిర్ అకా కేకలేశాడు. ఇంట్లో పనిపడిందని చెప్పి కట్టుమీద ప్లాస్టిక్ సంచి తొడుక్కుని కడగడం మొదలెట్టింది. మర్నాడు హోసియత్ ఓపా కూతురు వచ్చి, అమ్మకి రక్తపోటు ఎక్కువైందని ఆఫీసులో చెప్పి వెళ్లింది. అందరూ అదే నమ్మారు. పై వారమంతా ఇనోబత్ ఆ కిటికీ దగ్గరే ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆస్పత్రికి ఒక్కసారి వెళ్లి జావ ఇచ్చి వచ్చింది. ఆరోజు ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

ఆ పై సోమవారం మధ్యాహ్నం హోసియత్ ఓపా క్యాంటీన్‌లోకి వచ్చింది. బాగా చిక్కింది. మాస్టర్ల బల్ల దగ్గరికి వెళ్లకుండా అమ్మాయిల వరసలో చివర నిలబడింది. ముందున్నవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. ఆమె కదల్లేదు. మెళ్లో కత్తెర లేదు.

సాబిర్ అకా పరిగెత్తుకొచ్చాడు. "ఓపా, మీరెందుకు నిలబడ్డారు? మీకని విడిగా ఉడకేయించాను. చుక్క నూనె లేదు."

"నేను రాసిన కాగితం ఎక్కడుంది సాబిర్‌జాన్?"

"కమిటీ దగ్గర. ఎందుకు?"

"తెప్పించు. కింద ఇంకోమాట రాయాలి." యంత్రాల మోతలో ముప్ఫై ఏళ్లు మాట్లాడిన గొంతు అది. ఎత్తకుండానే క్యాంటీన్ చివరిదాకా వినబడింది. "నా కడుపులో పుండుంది. ఏడాదిగా ఉంది. డాక్టరు మందు సరిగ్గానే రాశాడు. తప్పుగా మింగింది నేను. కడుపుని తినేసే మాత్ర రోజూ కొనుక్కుతిన్నదీ నేనే. ఇనోబత్ నూనెలో ఏమీ లేదు. లేదని తెలిసే రాశాను."

సాబిర్ అకా గడ్డం దగ్గరికి పోయిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

వరసలోంచి ఒక అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మరి హాలు, ఓపా?"

"పొద్దున్నే ఆస్పత్రి చీటీ గలియాకి ఇచ్చేశాను. ఇవాళ్టినుంచి గూళ్లు ఏరే షెడ్డులో ఉంటాను. అక్కడ చలిగా ఉంది, స్వెటరు తెచ్చుకోవాలి." అంతే, ఇంకేమీ చెప్పదల్చుకోలేదన్నట్టు గిన్నె ముందుకి చాచింది. "ఏంటివాళ? మాంసం చారు, షుర్పానా? పొయ్యవే దిల్‌నవోజ్. అందరికీ పోసిందే పొయ్యి, కాస్త తక్కువగా."

సాబిర్ అకా కడిగే గదిలోకి వచ్చాడు. "విన్నావుగా. రేపట్నుంచి నువ్వే."

"గురువారంనుంచి," అంది ఇనోబత్. "ఈ మూడురోజులూ దిల్‌నవోజ్ పక్కన నిలబడి చూపిస్తాను. లేకపోతే నేను సెలవుపెట్టిన రోజు మీ రెండువందలమందీ ఆ ముద్దే తినాలి. అప్పుడు ఎవరిమీద కాగితం రాస్తారో చూడాలి."

తినడం అయ్యాక హోసియత్ ఓపా కిటికీ దగ్గరికి వచ్చి గిన్నె లోపలికి జరిపింది. ఇనోబత్ అందుకుంది.

"పొద్దున ఆరున్నరకి మింగాను చెల్లీ," అంది హోసియత్ ఓపా. "నీళ్లతో. ఏడింటికి జావ తాగాను."

"నమల్లేదుగా?"

"నమల్లేదు. తల కొంచెం ముందుకి వంచి మింగమని ఆ డాక్టరమ్మ చూపించింది. దిగిపోయింది."

ఇనోబత్ తలూపింది. కోపం పూర్తిగా పోలేదు. ఎప్పటికైనా పూర్తిగా పోతుందో లేదో కూడా తెలీదు. కానీ చెల్లీ అన్నమాట చెవిలో కాసేపు నిలిచింది.

హోసియత్ ఓపా ఇంకా పక్కకి తప్పుకోకముందే వెనకున్న ముఖద్దస్ అనే రీలింగు అమ్మాయి తన గిన్నె జరిపింది. గిన్నె కింద ఒక మాత్రల అట్ట ఉంది. సగం ఖాళీ అయింది.

"ఓపా," అంది ఇనోబత్‌తో గొంతు తగ్గించి, "ఇది తినకముందా, తిన్నాకా? నేను మంట వచ్చినప్పుడల్లా రెండు చప్పరిస్తున్నాను."

దాని వెనకామె పర్సు తెరిచింది. "నావి చూడండి, మా అత్తగారివి. ఆవిడకి పనిచేశాయి కదా అని నేనూ..."

మూడో ఆమె రుమాలు విప్పింది. రంగు గొట్టాలు, తెల్ల మాత్రలు పక్కపక్కనే ఉన్నాయి. హోసియత్ ఓపా ఆ తెల్ల మాత్రల్ని చూసి మొహం తిప్పుకుంది.

"నేను డాక్టర్నా?" అంది ఇనోబత్. "నాకు తెలిసింది ఒక్క మందు గురించి, అదీ మా ఆయనకి రాసిన చీటీ. మీకేముందో నాకేం తెలుసు?" ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించింది. "గలియా ఓపా పైనే ఉంది. పదండి."

ఎవరూ కదల్లేదు.

"పుస్తకంలో రాస్తుందేమో," అంది ముఖద్దస్.

"రాస్తుంది," అంది హోసియత్ ఓపా. "నా పేరు కిందే రాస్తుంది. ఖాళీ ఉంది, చూసొచ్చాను. నడవండి."

ఆమె ముందు నడిచింది. మెట్లమీద రెండుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆగినప్పుడల్లా వెనక వరసంతా ఆగింది. దారిలో ఇంకొందరు కలిశారు. చివరన దిల్‌నవోజ్ కూడా కొత్త ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టుకుని ఎక్కుతోంది. ఆ జేబులో ఏముందో ఇనోబత్ అడగలేదు.

తలుపు తడితే గలియా ఓపా టీ పియాలాతో వచ్చి తీసింది. మెట్లు చివరిదాకా నిలబడ్డ వరసని చూసి కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుంది.

"ఏమైందే? హాల్లో మంటలు లేచాయా?"

"హాల్లో కాదు," అంది హోసియత్ ఓపా. "ఆ టీ పక్కనపెట్టి పుస్తకం తియ్యి గలియా. పదకొండుమందిమి ఉన్నాం."